వ్రాయని మందు – దొరకని దోషం

మా ఎర్రగుంట్ల చుట్టుప్రక్కల నేలంతా సున్నపురాయి. నాపరాతి గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు కర్మాగారాలు ఇక్కడి వారికి బ్రతుకుదెరువు. దగ్గు, ఆయాసం, నడుము నొప్పి అనే మాటలు వినబడకుండా నా వైద్యశాలలో ఒక్క దినమైనా గడవదు. ఇక్కడ ప్రతి ఇంటా రెండు రకాల మందులు ఉంటాయి. మొదటివి డాక్టరు వ్రాసిచ్చిన బిళ్ళలు. వాటికి చీటీ ఉంటుంది. రెండవవి వంటింటి మందులు, మూలికల అంగడి నుండి తెచ్చినవి. వాటికి చీటీ ఉండదు. ఈ రెండవ రకం మందులను గూర్చియే నేనిక్కడ ప్రస్తావించదలచాను. ఇది ఇతరులపై చేసే ఫిర్యాదు కాదు. నా పొరపాటుతోనే ప్రారంభిస్తాను.

కొన్ని సంవత్సరాల క్రిందట బండల పాలిష్ పనికి వెళ్ళే ఒక తల్లి విడువని దగ్గుతో నా వద్దకు వచ్చినది. వయస్సు 50కి అటు ఇటుగా ఉంటుంది. శొంఠి, పిప్పళ్ళు, అతిమధురం కలిపిన చూర్ణాన్ని తేనెతో పది రోజులు వాడమని ఇచ్చాను. దగ్గు తగ్గినది. నాలుగు నెలల తరువాత ఆమెను కుమారుడు చేయిపట్టుకొని నడిపించుకొని వచ్చాడు. కాళ్ళలో సత్తువ లేదు, ముఖం ఉబ్బినది, మెట్టు ఎక్కలేకపోతున్నది. ఈ నాలుగు నెలలలోనే ఆమెకు రక్తపోటు పెరిగినదనీ, పట్టణంలోని ఆసుపత్రిలో బిళ్ళలు మార్చి, మోతాదు పెంచి, మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇంకొక బిళ్ళ కూడా చేర్చారనీ అతడు చెప్పాడు. రక్తంలో పొటాషియం బాగా పడిపోయినట్లు పరీక్షలో తేలినది.

కంప్యూటరులో ముద్రించిన ఆ ఆసుపత్రి కాగితాన్ని నేను శ్రద్ధగా చదివాను. బిళ్ళల పేర్లు, మోతాదులు, పరీక్షల ఫలితాలు, తేదీలు అన్నీ పొల్లు పోకుండా ఉన్నాయి. కాగితం మడిచి ఆమెను అడిగాను. "అమ్మా, నేనిచ్చిన పొడి ఇంకా వాడుతున్నారా?"

"పొడి అప్పుడే అయిపోయింది సామీ. ఆ తియ్యపుల్ల మాత్రం ప్రొద్దుటూరు నుంచి తెప్పించుకొని నములుతా ఉండా. పొద్దున, మాపున కషాయం కూడా కాచుకొని తాగుతా ఉండా."

"ఆసుపత్రిలో ఆ మాట చెప్పారా?"

"అదేం మందు సామీ, వట్టి పుల్ల గదా!"

ఆ తియ్యపుల్లయే అతిమధురం. మన శాస్త్రంలో యష్టిమధు. గొంతుకు హాయినిచ్చి కఫాన్ని జారేటట్లు చేసే మంచి మూలిక. అయితే అధిక మోతాదులో చాలా కాలం వాడినచో శరీరంలో ఉప్పును, నీటిని నిలువచేసి రక్తపోటును పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. ఇది వైద్యలోకానికి చిరకాలంగా తెలిసిన విషయమే. మూత్రపు బిళ్ళ కూడా పొటాషియంను తగ్గించేదే. రెండూ కలిసి ఆమె కాళ్ళ సత్తువను హరించాయి. పుల్ల మాన్పించి, విషయమంతా ఒక చీటీలో వ్రాసి, ఆ ఆసుపత్రి డాక్టరు వద్దకే తిరిగి పంపాను. కొన్ని వారాలలో ఆమె కోలుకొన్నది.

ఆ రాత్రి నా రిజిస్టరు తీసి చూచుకొన్నాను. ఆమె పేరుకు ఎదురుగా "దగ్గు – చూర్ణం" అని రెండే మాటలున్నాయి. చూర్ణంలో ఏమేమి కలిపానో లేదు. ఎన్ని రోజులకు ఇచ్చానో లేదు. ఆమెకు రక్తపోటు ఉన్నదా, మరే మందులైనా వాడుతున్నదా అని అడిగిన గుర్తు లేదు. పది రోజులే వాడి మానవలెనని గట్టిగా చెప్పానా? అదీ గుర్తు లేదు. ఆసుపత్రి కాగితంలో అతిమధురం లేకపోవడం ఆ డాక్టరుగారి లోపమని ఆ క్షణం వరకు అనుకొన్నాను. అది మొదట నా పుస్తకంలోనే లేదు.

రికార్డులను త్రవ్వుట

ఈ సంఘటన ఒక ఇంటికి, ఒక వైద్యునికి సంబంధించినదిగా కనిపించవచ్చును. అయితే ఇప్పుడు లోకమంతటా మందుల మంచిచెడులను తేల్చడానికి ఒక క్రొత్త పద్ధతి బలపడుతున్నది. ఆసుపత్రులలో కంప్యూటర్లకు ఎక్కిన లక్షలాది రోగుల వివరాలను ఒకచోట పరిశీలించి, ఏ మందు వాడిన వారికి తరువాత ఏ బాధ ఎక్కువగా కలిగినదో లెక్కకట్టడమే ఆ పద్ధతి. మా గనులలో రాయిని త్రవ్వి తీసినట్లు రికార్డుల నుండి నిజాన్ని త్రవ్వి తీయడమన్నమాట. దీని అవసరం ఎట్లా వచ్చినదో పాఠకులు తెలుసుకోవలసి యున్నది.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చినది. గర్భిణులకు వేవిళ్ళు తగ్గడానికి కూడా దానిని ఇచ్చారు. కాళ్ళు, చేతులు సరిగా ఏర్పడని శిశువులు వేలాదిగా జన్మించిన పిమ్మట 1961 చివరలో దానిని ఉపసంహరించారు. ఆ వైకల్యం ఎంతో అరుదైనది. కనుక నలుగురు శిశువులను చూచిన వైద్యునికే అనుమానం తట్టినది. ఆ విషాదం తరువాతనే వైద్యులు తమకు కలిగిన అనుమానాలను వ్రాసి పంపే ఏర్పాట్లు దేశదేశాలలో మొదలైనాయి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకై ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని స్థాపించినది. 1978 నుండి స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రం ఆ పనిని నిర్వహిస్తున్నది.

కాని అన్ని దోషాలూ అంత అరుదైన రూపంలో కనిపించవు. 1999లో రోఫెకాక్సిబ్ అనే కీళ్ళనొప్పుల మందు వచ్చినది. అమెరికాలో దాని అమ్మకపు పేరు వయాక్స్. దానివలన గుండెపోటు ముప్పు పెరుగుతుందని తేలడంతో 2004 సెప్టెంబరు 30న తయారీదారులే దానిని లోకమంతటా ఉపసంహరించారు. మన దేశంలోనూ అదే సంవత్సరం నిషేధించారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. కీళ్ళనొప్పులున్న 60 ఏళ్ళ మనిషికి గుండెపోటు వస్తే ఏ డాక్టరైనా నొప్పి బిళ్ళను అనుమానిస్తాడా? వయస్సు అటువంటిది అనుకొంటాడు. అనుమానమే కలగని చోట ఫిర్యాదు ఎవరు వ్రాస్తారు? అటువంటి దోషం ఒక రోగిని చూచినంత మాత్రాన తెలియదు. లక్షల మందిని లెక్కించినప్పుడే బయటపడుతుంది. కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే వైద్యసంస్థలో నొప్పి మందులు వాడిన సుమారు 14 లక్షల మంది రికార్డులను పరిశీలించి, డేవిడ్ గ్రాహం బృందం ఈ ముప్పును లెక్కకట్టినది. ఆ పరిశోధన 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఇటువంటి పరిశీలన నిరంతరం జరగాలని అమెరికా 2007లో చట్టం చేసి, 2008లో 'సెంటినెల్' అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టినది.

అరుదైన దోషాన్ని ఒక వైద్యుని కన్ను పట్టగలదు. సాధారణ జబ్బు వేషంలో వచ్చే దోషాన్ని లెక్క మాత్రమే పట్టగలదు. మా ఊరి తల్లికి పెరిగిన రక్తపోటు అటువంటి సాధారణ జబ్బే కదా!

మన దేశపు ఏర్పాట్లు

మన దేశం ఈ విషయంలో నిద్రపోలేదు. మందుల వలన కలిగే దుష్ఫలితాలను సేకరించే జాతీయ కార్యక్రమం 2010లో ఢిల్లీలో ప్రారంభమైనది. 2011 నుండి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నడుపుతున్నది. ఆయుర్వేద, సిద్ధ, యునాని ఔషధాలకు 2008లో జామ్‌నగర్ కేంద్రంగా తొలి ప్రయత్నం జరిగినది. తరువాత ఆయుష్ మంత్రిత్వ శాఖ హోమియోను కూడా చేర్చి, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ జాతీయ కేంద్రంగా క్రొత్త వ్యవస్థను నెలకొల్పినది.

కంప్యూటరు రికార్డుల విషయానికి వస్తే, 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశవ్యాప్తంగా ప్రారంభించారు. 14 అంకెల 'ఆభా' సంఖ్య దానిలో భాగమే. మన తెలుగునాట అంతకు ముందే మంచి ఉదాహరణలున్నాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ తన స్వంత ఎలక్ట్రానిక్ రికార్డు పద్ధతిని 2010 నుండి అమలుచేస్తూ, ఆ రికార్డుల ఆధారంగా ఎన్నో పరిశోధనలు ప్రకటించినది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్రింద లక్షలాది చికిత్సల వివరాలు కంప్యూటర్లకు ఎక్కాయి. అయితే అవి ప్రధానంగా చికిత్సకు సొమ్ము చెల్లించడానికి వ్రాసుకొన్న లెక్కలు. ఏ శస్త్రచికిత్స జరిగినదో అందులో ఉంటుంది. రోగి ఇంట్లో ఏ కషాయం త్రాగాడో ఉండదు.

నా ఆందోళన ఇక్కడనే మొదలవుతున్నది. గనిలో లేని రాయి ఎంత లోతుకు త్రవ్వినా దొరకదు. మా ఊరి తల్లి కాగితాన్ని రేపు ఒక కంప్యూటరు పరిశీలించినదనుకొనండి. "మూత్రపు బిళ్ళ వాడినది, పొటాషియం పడిపోయినది" అని దోషమంతా ఆ బిళ్ళ మీదనే వేస్తుంది. "రక్తపోటు బిళ్ళ ఇచ్చినా రక్తపోటు తగ్గలేదు" అని ఇంకొక మందును పనికిరానిదిగా లెక్కిస్తుంది. అసలు కారణమైన అతిమధురం ఆ లెక్కలో లేనే లేదు. ఒక్క కాగితం అయితే ఫరవాలేదు. ఇంటింటా వంటింటి వైద్యం ఉన్న మన రాష్ట్రంలో ఇటువంటి కాగితాలు ఎన్ని ఉంటాయో పాఠకులే ఊహించగలరు. అంత లోటున్న లెక్క నుండి వచ్చే తీర్పు అల్లోపతి మందుకూ న్యాయం చేయదు, ఆయుర్వేదానికీ న్యాయం చేయదు.

కృష్ణపట్నం నేర్పిన పాఠం

వ్రాత లేని మందును పరీక్షించడం ఎంత కష్టమో 2021 మే నెలలో మనమందరం కళ్ళారా చూచాము. కరోనా రెండవ విజృంభణ కాలమది. ఆసుపత్రులలో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్యగారు ఇస్తున్న మూలికా మందుకై జనం వేల సంఖ్యలో తరలివెళ్ళారు. ప్రభుత్వం పంపిణీని ఆపి విచారణకు ఆదేశించినది. కేంద్ర ఆయుర్వేద విజ్ఞాన పరిశోధనా మండలి పక్షాన విజయవాడ, తిరుపతిలోని ఆయుర్వేద వైద్యులు మందు తీసుకొన్న వారికి ఫోన్లు చేసి వివరాలు సేకరించారు. మందు వలన హాని కనబడలేదన్న నివేదికపై మే 31న రాష్ట్ర ప్రభుత్వం పంపిణీకి అనుమతించినది. కంటిలో వేసే చుక్కలకు మాత్రం అప్పుడు అనుమతి లభించలేదు. కరోనాను ఆ మందు తగ్గిస్తుందనడానికి ఆధారం ఉన్నదని ప్రభుత్వం చెప్పలేదు.

మందు ఇచ్చినవారిని గాని, విచారించిన వైద్యులను గాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ సమయంలో వారు చేయగలిగినది చేశారు. కాని ఒక్కసారి ఆలోచించండి. ఫోను చేస్తే ఎవరు మాట్లాడతారు? బాగున్నవారు మాట్లాడతారు. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టుకొని ఉన్నవారు మాట్లాడలేరు. మరణించినవారు ఎన్నటికీ మాట్లాడలేరు. మందు తీసుకొన్న నాడు రోగికి జబ్బు ఏ దశలో ఉన్నదో, ఇంకా ఏ మందులు వాడుతున్నాడో, అవి ఎన్ని రోజులు వాడాడో ఆనాడే వ్రాసి ఉంటే, తరువాత ప్రతి ఒక్కరి గతి ఏమైనదో ఆసుపత్రి రికార్డులతో సరిచూడవచ్చు. అప్పుడు ఆ మందు గుణం గాని, దోషం గాని నిలకడగా తేలి ఉండేది. నమ్మినవారు నమ్మినట్లే, వెక్కిరించినవారు వెక్కిరించినట్లే మిగిలిపోయేవారు కాదు.

తిప్పతీగ వివాదం

అదే కరోనా కాలంలో తిప్పతీగ కషాయం త్రాగని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. 2021లో ముంబాయి వైద్యులు కొందరు, తిప్పతీగ వాడిన రోగులలో కాలేయం దెబ్బతిన్న కేసులను ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనిని ఖండించినది. రోగులు వాడినది నిజంగా తిప్పతీగయేనా, దానిని పోలిన వేరే జాతి తీగయా అన్నది సరిగా నిర్ధారించలేదని వాదించినది. 2022లో దేశంలోని వివిధ ప్రాంతాల కాలేయ వైద్యులు కలిసి మరిన్ని కేసులను ప్రకటించారు.

నేను తిప్పతీగను ఎన్నో ఏళ్ళుగా జ్వరాలలో వాడుతున్నాను. దానిపై నాకు గౌరవం ఉన్నది. అందుచేతనే ఈ వివాదాన్ని "కుట్ర" అని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. పసుపు సంగతి చూడండి. వంటలో చిటికెడు పసుపు మన తాతముత్తాతల నాటి నుండి తింటున్నాము. కాని పసుపు సారాన్ని గాఢంగా చేసి గొట్టాలలో అమ్మే మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదైనాయి. ఆ దేశపు కాలేయ పరిశోధకుల కూటమి అటువంటి 10 కేసులను వివరంగా పరిశీలించి, వారిలో 7 గురికి ఒకే విధమైన జన్యులక్షణం ఉన్నదని తేల్చినది. పసుపు విషం కాదు. దాని గాఢమైన రూపం కొందరికి పడదు. ఎవరికి పడదో తెలుసుకోవడానికి వారికి దారి దొరికినదంటే, ఏ రోగి ఏమి మ్రింగాడో వారు వ్రాసుకొన్నారు కాబట్టియే. తిప్పతీగ విషయంలో మనకు అటువంటి వ్రాత ముందు నుండియే ఉండి ఉంటే, ఏ తీగ, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్న ప్రశ్నలకు వాదోపవాదాలు లేకుండా సమాధానం లభించేది.

పేర్ల చిక్కు కూడా తక్కువది కాదు. మన ప్రాంతంలో సరస్వతి ఆకు అంటే మండూకపర్ణి. కాని "బ్రాహ్మి" అన్న పేరుతో కొందరు దానినే, మరికొందరు పూర్తిగా వేరైన నీటిబ్రాహ్మి మొక్కను అమ్ముతారు. పేరు ఒకటి, మొక్కలు రెండు. కంప్యూటరుకు ఈ తేడా తెలియదు. మనం వ్రాసినదే దానికి వేదం.

మూడు అభ్యంతరాలు

ఈ మాటలు విన్న తోటి వైద్యులు కొందరు నాతో వాదించారు. "దోషాలు వ్రాసి మనమే ఇస్తే, వాటిని చూపి మన మందులను నిషేధిస్తారు" అన్నారు. ఈ భయంలో కొంత నిజం లేకపోలేదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించి, 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఉన్నాయని ప్రకటించినప్పుడు ఆయుర్వేదం మొత్తానికి మచ్చ వచ్చినది. సరిగా శుద్ధి చేసి, వైద్యుని పర్యవేక్షణలో మితంగా ఇచ్చే భస్మానికి, అంగడిలో ఎవరైనా కొనుక్కోగల మందుకు గల తేడాను లోకం గుర్తించలేదు. ఆ తేడాను చూపడానికి మన వద్ద ఏమున్నది? వేలాది రోగులకు ఇచ్చి, వారి రక్తపరీక్షలతో సహా వ్రాసిపెట్టిన లెక్క ఉంటే నిర్భయంగా చూపగలిగేవారము. "మా తాతగారు వాడారు" అన్న మాట మనకు చాలును గాని, న్యాయస్థానంలో సాక్ష్యానికి చాలదు. వ్రాత నిర్దోషికి రక్షణయే గాని శత్రువు కాదు.

రెండవ అభ్యంతరం గృహిణుల నుండి వస్తుంది. "మిరియాల కషాయానికీ, వాము నీళ్ళకూ చీటీలెందుకు?" అంటారు. ఒక రోజు జలుబుకు కాచుకొన్న కషాయానికి అక్కరలేదు. కాని వారం దాటి వాడినదేదైనా మందే. మధుమేహపు బిళ్ళలు వేసుకొంటూ కాకరరసం, మెంతిపొడి ఎక్కువగా తీసుకొంటే చక్కెర మితిమీరి తగ్గవచ్చును. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుతో వెల్లుల్లి, పసుపు మాత్రలు చేరితే రక్తస్రావానికి దారితీయవచ్చును. విరేచనానికి సునాముఖిని నిత్యమూ వాడితే అదియూ పొటాషియంను హరిస్తుంది. ఇసబ్గోల్ వంటి పీచు పదార్థం థైరాయిడ్ బిళ్ళను ఒంటికి పట్టనీయదు. రెండింటికీ నడుమ కొన్ని గంటల వ్యవధి ఉండవలెను. ఇవన్నీ మంచి మందులే. ఒంటరిగా మంచివి, జతలో కయ్యానికి దిగేవి. ఆహారంలోనే విరుద్ధాలను వివరించిన చరకుని వారసులకు ఈ మాట క్రొత్త కాదు.

మూడవ అభ్యంతరం నా మనస్సులోనిదే, అన్నింటికంటె బరువైనది. మన రోగాల వివరాలు ఎవరి చేతికి వెళ్తాయి? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. ఆభా రికార్డును పంచుకోవడానికి రోగి అంగీకారం కావాలన్న నియమమూ ఉన్నది. ఇవి మంచివే. కాని చిన్న ఊరి సంగతి వేరు. పేరు తీసివేసినా, "ఎర్రగుంట్ల, స్త్రీ, 52 ఏళ్ళు, పాలిష్ ఫ్యాక్టరీ పని, క్షయ" అని వ్రాస్తే వీధిలో ఎవరికి తెలియదు? ఊరిపేరు, వృత్తి వంటి గుర్తులను కూడా తొలగించి, మందుల భద్రతకు తప్ప బీమా వ్యాపారానికో మందుల అమ్మకానికో వాడబోమని హామీ ఇచ్చి, ఆ హామీని ఉల్లంఘించినవారిని శిక్షించినప్పుడే ప్రజలు నిజం చెబుతారు. భయపడిన రోగి దాచిపెడతాడు. దాచిన రికార్డు అబద్ధపు రికార్డే.

చేయవలసినదేమి?

ప్రభుత్వాన్ని నేను కోరేది ఒక్కటే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పెద్దాసుపత్రి వరకు ఏ కంప్యూటరు రికార్డులోనైనా "ఇంటి మందులు, ఆయుష్ మందులు" అన్న గడి ఒకటి తప్పనిసరిగా ఉండవలెను. అది నింపనిదే తరువాతి పుట తెరుచుకోకూడదు. మూలికలకు తెలుగు పేరు, సంస్కృత నామం, శాస్త్రీయ నామం కలిపిన పట్టికను అందులోనే పొందుపరచవలెను.

డాక్టర్లకు నా విన్నపం: "ఏమైనా నాటుమందులు వాడుతున్నారా?" అని గద్దించినట్లు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "దగ్గుకు ఇంట్లో ఏం చేసుకొంటున్నారమ్మా?" అని అడగండి. అప్పుడు తియ్యపుల్ల మాట బయటికి వస్తుంది.

తోటి ఆయుర్వేద వైద్యులకు మన శాస్త్రమే దారి చూపుతున్నది. రోగాన్ని తెలుసుకొనే ఐదు మార్గాలలో ఉపశయం ఒకటి. మందు, ఆహారం, విహారం ఇచ్చిన పిమ్మట రోగికి హాయి కలిగినదా, బాధ పెరిగినదా అని గమనించి నిర్ణయించడమే ఉపశయం. గమనించినది జ్ఞాపకంలో నిలవాలంటే వ్రాయక తప్పదు. నేను ఇప్పుడు ప్రతి చీటీకి నకలు ఉంచుతున్నాను. యోగంలోని మూలికలు, మోతాదు, రోజుల సంఖ్య, రోగి వాడే ఇతర మందులు, అతని రక్తపోటు వ్రాస్తున్నాను. పది నిమిషాల పని పదిహేను నిమిషాలైనది. అంతకు మించి నష్టం లేదు.

ఇక గృహస్థులు చేయదగినవి:

1. ఇంట్లో మందులకొక నోటు పుస్తకం పెట్టండి. వారానికి మించి వాడే ప్రతి మందును, మూలికను, లేహ్యాన్ని, మొదలుపెట్టిన తేదీతో సహా వ్రాయండి. ఎవరు చెప్పారో, ఎక్కడ కొన్నారో, రోజుకు ఎంత తీసుకొంటున్నారో వ్రాయండి.

2. కొన్న మందు డబ్బాను, దానిపై గల బ్యాచ్ నంబరును, మందు అయిపోయిన తరువాత కూడా కొన్ని నెలలు దాచండి. పచ్చిమూలిక అయితే ఒక కొమ్మను ఎండబెట్టి కాగితంలో ఉంచండి.

3. ఏ డాక్టరు వద్దకు వెళ్ళినా ఆ పుస్తకాన్ని తీసుకొని వెళ్ళి, అందులోని మందులను కూడా కంప్యూటరులో ఎక్కించమని అడగండి.

4. క్రొత్త మందు మొదలుపెట్టిన తరువాత దద్దురు, వాపు, కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగు, నీరసం వంటివి కనబడితే వెంటనే వైద్యుని చూడండి. డాక్టరు వ్రాసిచ్చిన బిళ్ళలను మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి.

5. మందు వలన హాని జరిగినదని అనుమానమున్నచో, ఘజియాబాద్ కేంద్రపు ఉచిత ఫోను 1800-180-3024కు రోగులు కూడా తెలియజేయవచ్చును. ఆయుర్వేద మందు అయితే దగ్గరలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకు చెప్పండి. రుజువు అక్కరలేదు, అనుమానం చాలును. రుజువు తేల్చడం వారి పని.

పత్రికలకు కూడా ఒక మాట. ఫలానా మూలిక ఫలానా జబ్బుకు అని వ్రాసేటప్పుడు, ఎంత, ఎన్ని రోజులు, ఎవరు వాడరాదు అన్న మూడు సంగతులు లేకుండా చిట్కాను అచ్చువేయకుందుము గాక. ఈ నియమాన్ని నా వ్యాసాలకు నేనే మొదట వర్తింపజేసుకొంటున్నాను.

ఆ తల్లి ఇప్పటికీ దగ్గు వచ్చినప్పుడు నా వద్దకు వస్తూనే ఉన్నది. ఈ మధ్య వచ్చినప్పుడు మనుమరాలి పాత లెక్కల నోటు పుస్తకం ఒకటి సంచిలో నుండి తీసి బల్ల మీద పెట్టినది. ఆమెకు చదువు రాదు, మనుమరాలే వ్రాస్తున్నదట. రక్తపోటు బిళ్ళ పేరు, కాచుకొన్న తులసి కషాయం, కొన్న నొప్పుల తైలం అన్నీ తేదీలతో ఉన్నాయి. చివరి పుటలో పెద్ద అక్షరాలతో "తియ్యపుల్ల వద్దు" అని ఉన్నది. ఆసుపత్రిలో కూడా దానిని చూపినదట. అక్కడి నర్సమ్మ ఓపికగా అన్నీ కంప్యూటరులో ఎక్కించినదని ఎంతో సంతోషంగా చెప్పినది.

ఆ నోటు పుస్తకం వెల ఇరవై రూపాయలకు మించదు. ప్రతి ఇంటిలోనూ అటువంటిది ఒకటి ఉంటే, రేపటి కంప్యూటర్లు చెప్పే తీర్పులో మన వంటింటి మందుకు కూడా న్యాయం జరుగుతుంది. లేనిచో దోషం ఒకరిది, శిక్ష వేరొకరిది అవుతుంది. ఈ రాత్రికే మీ ఇంటి మందులను ఒక కాగితం మీద వ్రాసి చూడండి. అవి ఎన్ని ఉన్నాయో తెలిసి మీరే ఆశ్చర్యపోతారు.